అరంగుళం గాలి

గుజరాతీపేటలో మా వెనక గది గోడ
మేకుని మింగదు, ఉమ్మేస్తుంది.
కేలండర్ కోసం సుత్తి ఎత్తినప్పుడల్లా
ఇంత సున్నం, ఇంత ఇసుక
బల్ల మీది జీఎస్టీ కాయితాల మీదికి.

పలాస జీడిపప్పు షాపుల లెక్కలు రాసేదాన్ని.
పదకొండో తారీకులు, ఇరవయ్యో తారీకులు
పసుపు చీటీలై
మానిటర్ అంచుకి, స్విచ్‌బోర్డుకి,
ఒకసారి నిద్రపోతున్న మా ఆయన భుజానికి కూడా
అంటుకునేవి.

అందుకని కార్క్ తెప్పించాను. పన్నెండు పలకలు.
అట్టపెట్టె విప్పగానే
తడారని గోనెసంచి వాసన.

తవిటినాయుడు వేలి కణుపుతో గోడని కొట్టి చూశాడు,
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
"సెమ్మ దిగీసింది మేడమ్. నాగావళి ఒచ్చినప్పుడల్లా
తాగీసిందిది. జిగురు నిలవదు."
నేను వినలేదు.

రాత్రి రెండు దాటాక
ఒక్కో పలకా ఊడి పడుతుంటే
మంచమ్మీద కూర్చుని లెక్కపెట్టాను.
ఏడు.

పొద్దున్న అతను నవ్వలేదు.
నవ్వితే బాగుండేది.
గోడకి కన్నాలు తొలిచి, చెక్క బిరడాలు దిగ్గొట్టి,
వాటి మీద నిలువునా బద్దలు బిగిస్తూ అడిగాడు:
"ఇదేటి సెక్క?"

చెక్క కాదు, బెరడు.
ఆ చెట్టుని కొట్టరట, ఒలుస్తారట,
తొమ్మిదేళ్ళకి మళ్ళీ కట్టుకుంటుందట.

"తొమ్మిదేళ్ళు," అన్నాడు.
టేపు దానంతటదే సర్రుమని లోపలికి పోయింది.
"తిత్లీకి మా జీడితోట పడిపోనాది.
ఆ యేడే ఉలి పట్టినాను.
మళ్ళీ ఏసినాం మొక్కలు.
కాపు ఒస్తంది గానీ, అప్పటంత కాదు."

నాకు తెలిసిన జీడిపప్పుకి
చెట్టు ఉండేది కాదు. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఉండేది.

సాయంత్రానికి గోడంతా తేనెరంగు.
చెయ్యి ఆనిస్తే వెచ్చగా ఉంది.
"ఎనకాల అరంగుళం గాలి ఒగ్గీసినాను,
గోడ ఊపిరి గోడ తీసుకుంతాది,
మీ కాయితాలు మీయి."

అతను వెళ్ళాక ఊరికే
ఓ గుండుసూది గుచ్చాను, పీకాను.
కన్నం ఎక్కడుందో కళ్ళజోడు పెట్టుకున్నా దొరకలేదు.

ఇరవయ్యో తారీకు చీటీ చేతిలోనే ఉంది.
దాన్ని పక్కన పెట్టి
అగ్గిపెట్టె అట్ట వెనక అతను పెన్సిల్‌తో వేసిన లెక్కని
ముందు అతికించాను:

బద్దలు అయిదు
బిరడాలు ముప్పై
జిగురు దండగ