పద్నాలుగో పోస్టు నుంచి

ఫైర్ స్టేషన్ హాల్లో మడత కుర్చీలు వేశారు.
బయట ఆర్డెన్ కొండల వాన,
మొదలెట్టడమే తప్ప ముగించడం ఎరగని మా వాన.
సంగతి ఒక్కటే:
వచ్చే ఏడు నుంచి రేసులు రాత్రిపూట జరపాలా, వద్దా.

బ్రసెల్స్ నుంచి వచ్చిన కుర్రాడు తెర మీద బొమ్మలు వేశాడు.
ట్రాక్ చుట్టూ పదహారు వందల దీపాలు,
గోరంత నీడ కూడా పడదట.
ఇక్కడ రాత్రి ఎనిమిదికి మొదలుపెడితే
ఏ దేశంలో ఎందరు టీవీల ముందు కూర్చుంటారో
వేలితో చూపించి మరీ చెప్పాడు.
మా ఊరి లెక్క అడిగితే
"మూడు వందల గడప" అని ఊరుకున్నాడు.

ఓడోన్ లేచాడు. టోపీ తీయలేదు.
"నా ఆవులకి టీవీ లేదు బాబూ.
పగటి రేసు నాడే పాలు సగానికి పడిపోతాయి.
రాత్రి కూడా మొదలెడితే
చేపడమే మరిచిపోతాయి."

రొట్టెల బట్టీ మార్సెలిన్ నవ్వింది.
"నేనెలాగూ రెండింటికి లేస్తాను.
ముప్ఫై ఏళ్లుగా ఆ వేళ ఈ ఊళ్లో మెలకువగా ఉన్నది
నేనూ, నా పిండీ.
తోడొస్తానంటే కాదంటానా?"

గబ్బిలాల మీద చదువుతున్న పిల్ల
కాగితం చూసి చదివింది, గొంతు వణుకుతూ.
ఎవరూ నవ్వలేదు. అదే నాకు ఆశ్చర్యం.

నేను వెనక వరసలో ఉన్నాను.
ఇరవై ఆరేళ్లుగా పద్నాలుగో పోస్టు నాది:
మలుపు దిగువన, కంచె వెనక, స్ప్రూస్ చెట్ల కింద,
చేతిలో పసుపు జెండా.
రాత్రయితే జెండా కనబడదు.
దాని బదులు దీపాల పలక పెడతారు,
ఎక్కడో గదిలో ఒకడు మీట నొక్కుతాడు.
నా భుజానికి పనుండదు.
వద్దనడానికే వచ్చాను. దాపరికమెందుకు.

తీరా చెయ్యెత్తబోతుంటే ఆ ఏడాది గుర్తొచ్చింది.
ఇరవై నాలుగు గంటల పందెం. తెల్లవారుజాము మూడు.
జనరేటర్ చచ్చి మా వైపు దీపాలన్నీ పోయాయి.
పొగమంచు. పక్కనే ఉన్న గిస్లాన్ చెయ్యి
నాకు కనబడలేదు.
అప్పుడు చూశాను బ్రేకుల్ని.

పగలు బ్రేకంటే ఒక కీచు, కాస్త వాసన.
రాత్రి అది కుంపటి.
చక్రం లోపలి చక్రం ఎర్రబడి, నారింజై,
మలుపు తిరిగాక మళ్లీ బొగ్గై.
తగ్గడానికి ఇంత కాలాలా!
ఇరవై వేసవుల ఎండలో
నాకెవరూ ఈ మాట చెప్పలేదు.

ముందు చెట్ల మొదళ్లు వెలిగేవి,
తర్వాత చప్పుడు, ఆఖరున కారు.
ఒక్కోదాన్నీ గొంతుని బట్టి గుర్తుపట్టాం,
మేడమెట్ల మీద ఇంటివాళ్ల అడుగుల్లా.
గంటన్నర. ఎవరికీ దెబ్బ తగల్లేదు.
తగిలి ఉండేది. అదీ చెప్పాలి.

అందుకే లేచి అన్నాను:
"చూడు బాబూ, పదహారు వందల దీపాలతో
నువ్వు తెచ్చేది రాత్రి కాదు,
నిద్రకి నోచుకోని పగలు.
అంత పగలే కావాలంటే పగలే పెట్టుకో, ఉచితం.
రాత్రి కావాలంటే రాత్రిని రాత్రిలా ఉండనీ.
ఏడాదికి ఒక్కసారి.
కార్ల దీపాలు కార్లకుంటాయి."

రాసుకున్నాడు. భద్రత అన్నాడు, బీమా అన్నాడు.
రెండూ నిజమే, నేనేం అనను?
ముప్ఫై ఎనిమిది చేతులు, ముప్ఫై ఏడు చేతులు.
నాది ఏ వైపు లేచిందో
ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు.
మేయరమ్మ రెండుసార్లు లెక్కబెట్టి
వచ్చే నెలకి వాయిదా వేసింది.

పన్నెండింటికి మా ఊళ్లో వీధి దీపాలు ఆర్పేస్తారు.
వానలో నడుస్తుంటే వెనక ట్రాక్టర్, ఒంటి దీపం.
చప్పుడుకే తెలిసింది ఓడోన్ అని.
పక్కకి తప్పుకుని చెయ్యి ఊపాను,
అలవాటు కొద్దీ, జెండా ఊపినట్టు.
చూశాడో లేదో.
మలుపు దగ్గర మాత్రం నెమ్మదించాడు.