తర్జుమా కాని మాట

నల్లగొండ కోర్టుల నకళ్ల సెక్షన్ నాది.
ముప్ఫై ఏండ్ల సంది
వరుస కింద స్కేలు బద్ద ఆనించి
అక్షరం అక్షరం సరిచూస్తున్న.
ఇప్పుడు జిరాక్స్ మిషనొచ్చింది గని
సరిచూసుడు నాదే, సంతకం నాదే.
అసలుల తప్పుంటే నకలుల తప్పుండాలె.
సిరా మరక పడితే మరక పడ్డదని రాయాలె.
దిద్దే హక్కు నాకు లేదు.

మొన్న చాయ్ తాగుకుంట
వకీలు నిరంజన్ సారు అన్నడు:
"సైదులన్నా, మన రాజ్యాంగం గూడ నకలే గదనే.
ముప్ఫై అయిదుల తెల్లోడు రాసిన చట్టానికి
జిల్దు మార్చి, పేర్లు మార్చి ఎక్కించిన్రు."

కాదనలే.
నకలు మనిషిని, పోలిక పడత.
గవర్నరు కుర్చీ అదే, నాలుగు కాళ్లు అవే.
విచారణ లేకుంట మనిషిని లోపలేసే తాళం
అప్పటిదే.
చెవి చేతులు మారింది, అంతే.

మన దిక్కు అది వచ్చిన తొవ్వ తలుసుకుంటే
ఇంక నవ్వొస్తది.
"మేము, భారత ప్రజలం" అన్న మాట
హైద్రాబాద్ రియాసత్ గడప దాటింది
నిజాం ఫర్మానా పట్టుకొని.
ప్రజలే రాజులని చెప్పనీకి
రాజు మొహరు కావలసి వచ్చింది.

మరి ఆ రాత్రి నాకు నిద్రెందుకు పట్టలే?

రికార్డు రూముల ఎర్రగుడ్డ బస్తా ఒకటుంది,
దేవరకొండ తాలూకాది.
ఉర్దూ నాకు రాదు.
మొహాఫిజ్ గౌస్ సాబ్, రిటైరయ్యే ముందట,
వేలు పెట్టి ఒక్క వరుస చదివి చెప్పిండు:
దొర సవారి. ఎడ్లు రెండు, ఒకటి తెల్లది, ఒకటి మైల.
మోతకు మనుషులు ఏడుగురు, బేగార్.

ఎడ్లకు రంగు రాసిన్రు.
మనుషులకు పేరు రాయలే.

ఆ ఏడుగురిల మా అవ్వ ఈదవ్వ ఉండొచ్చు,
ఉండకపోవచ్చు.
సచ్చేదాక ఆమె చెప్పింది ఒకటే ముచ్చట:
పచ్చి బాలింతగ దొరబిడ్డ మేనా ముందట ఉరికిందట.
పాలు చేపి కొంగు తడిస్తే
చెమట అని చెప్పిందట.

లేచి లైటేసి పుస్తకం తీసిన.
ఇంగ్లీషుది, కోర్టుల పాతదైతే ఇంటికి తెచ్చుకున్న.
ఇరవైమూడో అధికరణం.
మనుషులను అమ్ముడు, కొనుడు నిషేధం,
దాని పక్కపొంటి
బేగార్.

అట్లనే ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలల్ల, మన మాట.
ఎన్ని దేశాల చట్టాలు తిరగేసిన్రో,
ఏ నిఘంటువుల ఏం దొరకలేదో, నాకు ఎరుక లేదు.
అంత పెద్ద ఇంగ్లీషు
మా అవ్వ నెత్తిమీది మోత కాడికొచ్చి
గడి ముందట మావోళ్లు నిలబడ్డట్టు
చెప్పులు చేతుల పట్టుకొని నిలబడ్డది.

ఇది ఏ నకలు? దీనికి అసలు ఎక్కడున్నది?
దేవరకొండ తొవ్వల, దుబ్బల,
ఆమె మడిమె పగుళ్లల్ల.

నిరంజన్ సారుకు చెప్పలే.
చెప్తే బాగుండని అంటడు, అని ఫోను చూసుకుంటడు.

సోమవారం ఒకామె వచ్చింది, నిమ్మల గురువమ్మ.
అమ్రాబాద్ దిక్కు మనిషి.
చిట్యాల కాడ ఇటుక బట్టీల మూడేండ్లు,
అడ్వాన్సు తీరేదాక కదలొద్దన్నరట,
పిల్లగానికి జరమొచ్చినా కదలొద్దన్నరట.
ఉత్తర్వు నకలు కావాలె.
సరిచూసుకుంట పోతుంటే మూడో పేజీల
ఇరవైమూడు అంకె మీద
స్కేలు బద్ద జెరసేపు ఆగింది.
వెనక లైనుల ఎవరో దగ్గిన్రు.

మొహరేసి ఇచ్చిన.
"అసలుదేనా సారూ?" అన్నది.
"నకలమ్మా. గని చెల్లుతది."
నమ్మిందో లేదో, మొహం చూస్తె తెల్వలే.

సిరా ఆరనియ్యమన్న.
బస్సుకు యాళ్లయితుందని
తడి మీదనే మడిచి జాకెట్ల దోపుకున్నది.
నీలి మరక అవతలి మడతకు గూడ అంటే ఉంటది.