మేకంత ఇనుము

లా రింకొనాదాలో ఊపిరి సగమే దొరుకుతుంది.
సముద్రం ఐదు వేల మీటర్ల కింద ఉందని
పటం చూసి నమ్మాలి.
రేకుల ఇళ్ల మధ్య రేకుల ఆసుపత్రి,
అందులో ఒక కిటికీ, ఒక మైక్రోస్కోపు, నేను.
పొద్దున్నే బకెట్లో గడ్డకట్టిన నీళ్లు పగలగొట్టాకే
గాజు పలకలు కడగడం.

మంగళవారం వెనాన్సియో చురా కూతుర్ని ఎత్తుకొచ్చాడు.
ఎడిల్మా. నాలుగేళ్లు.
బుగ్గలు ఎర్రగానే ఉన్నాయి, చలికి కంది.
ఇక్కడ బుగ్గల్ని నమ్మకూడదు.
కింది కనురెప్ప లాగి చూశాను:
ఉడికిన బంగాళాదుంప లోపలి రంగు.
"మట్టి తింటోంది," అన్నాడు, తానే తిన్నట్టు తల దించి.
"గోడ నాకుతోంది. మంచుగడ్డ కనిపిస్తే వదలదు."

వేలికి సూది. ఏడవలేదు, చుక్క వైపు వింతగా చూసింది.
అంతలోనే ఆ చిన్న గండి దగ్గర
కంటికానని తునకలు ఒకదాన్నొకటి పట్టుకుని
కట్ట వేసేశాయి.
వాటికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

యంత్రం పదమూడు అంది.
లీమాలో అయితే, పో తల్లీ ఆడుకో, అనేవాళ్లు.
మా గోడ మీద మాత్రం ఎత్తుల పట్టిక ఉంది.
కొండ తన వాటా తీసుకోగా
మిగిలింది ఎనిమిది.

"ఆ ఐదూ ఎవరు తిన్నారు?"

ఎవరూ తినలేదు వెనాన్సియో.
గాలి పలచనైతే మూత్రపిండాలు పసిగడతాయి,
ఎముకల్లోని మూలుగకు కబురు పెడతాయి:
ఇంకా మనుషుల్ని పంపు, మోత ఎక్కువైంది.
ఈ ఎత్తున పదమూడంటే
పంపాల్సిన వాళ్లలో చాలామంది రాలేదని.

పెదాలు నేరేడు రంగు, కళ్లలో ఎర్ర జీరలు,
చెవుల్లో హోరు. అతని వేలూ గుచ్చాను.
ఇరవై మూడు.
నెత్తురు కారలేదు, తేనెలా సాగింది.

"మరింకేం," అన్నాడు, "నాది తీసి దానికి పోయండి."
అలా కుదరదన్నాను.
ఎందుకు కుదరదో చెప్పేలోపు
మైక్రోస్కోపు మీదికి వంగాడు.

నాన్న కణాలు కిక్కిరిసి, ఒకదాని మీద ఒకటి.
కూతురివి చిన్నవి, నడుమ వెలిసిపోయి,
అంచున మాత్రం సన్నని ఎరుపు గీత,
కడిగేసిన కంచాల్లా.

"ఇవేం చేస్తాయి?"
మోస్తాయి. అంతే.
ఎక్కువ మోయడానికి తమ కేంద్రకాన్నే పారేసుకుంటాయి,
ఇక పిల్లల్ని కనలేవు, చిరిగితే కుట్టుకోలేవు.
నూట ఇరవై రోజులు తిరిగి తిరిగి
ప్లీహంలో రాలిపోతాయి.
"జీతం?"
లేదు.
నవ్వాడు. అతనిదీ అదే గని లెక్క:
ముప్పై రోజులు ఊరికే తవ్వి,
ఆఖరి రోజు భుజాన పట్టినంత రాయి తనది.

రాలిన కణాల్లోంచి ఇనుమును ఏరి
మళ్లీ మూలుగకు పంపేవాళ్లుంటారు లోపల.
నీ సాతుర్నినా గని బయట
పారేసిన రాళ్లలో మెరుపు ఏరుతుందే, అలా.
ఎంత ఏరినా, కొత్తది రాకపోతే
పెరిగే ఒంటికి చాలదు.
పొట్టలో కొంకిపురుగులుంటే అవి కొంత తాగేస్తాయి.
భోజనం మీద వేడి టీ పోస్తే
వచ్చిన కాస్తా ఒంటికి పట్టదు.

పెద్దమనిషి ఒంట్లో ఉండేదంతా కలిపి ఒక మేకంత.
బంగారం తవ్వే ఇంట్లో
దానికే కరువు.

అతనికి తల తేలికపడాలని
అర లీటరు తీసి సంచిలో కట్టాం.
ఎడిల్మాకు కొన్ని నెలలకు సరిపడే ఇనుము
అందులో వెచ్చగా కదులుతోంది.
దాని మీద 'వ్యర్థం' అని నేనే రాశాను.
రాత వంకర పోయింది.

కోడి నెత్తురు వేపుడు పెట్టమన్నాను, పురుగుల మందిచ్చాను.
సిరప్ మొదటి చెంచా అక్కడే పోశాను.
పిల్ల మొహం చిట్లించి, నాలుక చాపి
"మేకు," అంది.
మేకు రుచి నీకెలా తెలుసే అని
వాళ్ల నాన్న అడగలేదు.
నేనూ అడగలేదు.