ఇంజను కింద మరక

ముప్పై ఏళ్లుగా బోటు ఇంజను నాది.
ఆయిలు వేలికి రాసుకుని చెప్పేస్తాను:
నల్లబడితే మార్చాలి,
పాలు కలిసినట్టుంటే లోపలికి నీళ్లు దిగాయి.
ఇంజను కింద రూపాయి బిళ్లంత మరక కనబడ్డా
ఆ రోజు వేటకి పోనివ్వను.
సరంగు తిడతాడు.
తిట్టనీ.

అలాంటివాణ్ణి
నా కింద మరకని నాలుగు నెలలు దాచాను.

సముద్రం మీద సులువే.
బోటు అంచున కూర్చుంటే
అల వచ్చి పట్టుకుపోతుంది, సాక్ష్యం ఉండదు.
ఒడ్డున, రెల్లివీధి పక్క మా అద్దె వాటాలో
తెల్ల బేసిను. అది దాచదు.
మొదటిసారి ఎర్రగా చూసి
రాత్రి తిన్న బీట్‌రూటు అనుకున్నాను.
రెండోసారి, రొయ్యల ఇగురులో కారం.
మూడోసారి ఏమీ అనుకోలేదు,
చెంబు మీద చెంబు పోశాను.

వేడి చేసింది అని సబ్జా తాగాను.
మందుల షాపులో జనం పలచబడేదాకా నిలబడి
గొంతు తగ్గించి, "మొలలకి ఏదైనా..."
కుర్రాడు ట్యూబుని పేపర్లో చుట్టి ఇచ్చాడు
దొంగసరుకులా.

వేట నిషేధం మొదలై బోట్లన్నీ జెట్టీకి కట్టాక
దేముడమ్మ నా లుంగీ ఉతుకుతూ ఆగిపోయింది.
"ఇదేటి?"
"ఏటీ లేదు."
"ఏటీ లేకపోతే రగతం ఎందుకొస్తాది?
నీ బెల్టు రెండు కంతలు లోపలికి ఎందుకెళ్లింది?"

కేజీహెచ్‌లో ఓపీ చీటీ, ఫ్యాను తిరగని గది.
డాక్టరమ్మ నా కూతురి ఈడుది.
నేల చూస్తూ కూర్చున్నాను.
ఆవిడ మెకానిక్కులా అడిగింది:
ఏ రంగు? చుక్కలా, ధారా?
పైపైన పడుతోందా, మలంలో కలిసి వస్తోందా? జిగట?
నొప్పి ఉంటే చీలిక కావచ్చు,
లేకపోతే మొలలు కావచ్చు,
"కావచ్చుతో సరిపెట్టకూడదు, లోపల చూడాలి."
మీ నాన్న ఎలా పోయారు?
పేగులో గడ్డ, అన్నాను.
ఆ మాటని ఈ మరకతో
ఇన్నాళ్లూ నేనెప్పుడూ కలపలేదు.
ఆవిడ పెన్ను కాసేపు ఆగింది.

కెమెరా గొట్టం పెట్టి చూశారు.
మొలలున్నాయి, నిజమే. వాటికి పైన, లోపలెక్కడో
చిటికెన వేలి గోరంత కండ పిలక.
కోసి పరీక్షకి పంపారు.
కాగితం వచ్చే మంగళవారం.
అందాకా నిద్ర ఎటూ రాదు.
సిగ్గు మాత్రం ఆ గొట్టంతోనే పోయింది.

కాబట్టి జెట్టీ మీద, వలలు బాగుచేసేవాళ్ల మధ్య
అంతా చెప్పేశాను. నవ్వారు.
ఇద్దరు నవ్వలేదు.
సరంగు ఎల్లాజీ పక్కకి పిలిచి
"నాకైతే ఎరుపు కాదురా, నలుపు.
తారులాగ, జిగురుగా, వారం నించి.
రగతం కాదు కదా, పరవాలేదు కదా?"
మోకాళ్లకి నొప్పి బిళ్లలు ఏళ్ల తరబడి మింగుతున్నాడు.
లేవబోయి, తూలి, లంగరు తాడు పట్టుకున్నాడు.

నేను బయటికొస్తుంటే డాక్టరమ్మ అన్న మాట:
నల్లగా వస్తే అది పైనుంచి, పొట్టలో పుండు నుంచి రావచ్చు;
ఎక్కువగా పోయినా, కళ్లు తిరిగినా
ఓపీ కాదు, క్యాజువాలిటీ.
రేపు కాదు.

బండి వెనక కూర్చోబెట్టి, జారిపోకుండా
తువ్వాలుతో నడుముకి నడుము కట్టుకుని
పాత పోస్టాఫీసు సందుల్లోంచి తీశాను.
జగదాంబ దగ్గర ఎర్ర లైటు.
నాలుగు నెలలు ఎరుపు చూసి కదలనివాణ్ణి
ఈ ఎరుపు చూసి ఆగలేదు.
హారన్ మీద బొటనవేలు.
వెనక సరంగు నన్ను తిడుతున్నాడు.

తిట్టనీ.