నాలుగో గుంపు

సైన్సు టీచరమ్మకి జ్వరం.
ఫీజు బాకీ ఉన్న తల్లిని గదా, కాదనలేక
టేపు మెడలోంచి తీసి మిషను మీద పెట్టి బస్సెక్కాను.
నా గుంపు పన్నెండు మంది. చేతిలో పేర్ల కాయితం,
కొంగున నాలుగు నిమ్మకాయలు, వాంతులకి కవర్లు.
చీమకుర్తి కాడ రాళ్ల లారీల దుమ్ముకి కిటికీలు మూశాం.
పొదిలిలో దించి, ఎక్కించి, పేర్లు పిలిచాను:
జాషువా, తహసీన్, యశస్విని...
మోక్షజ్ఞ దగ్గర ఎప్పుడూ ఒక క్షణం ఆగుతాను,
ఆ చివరి అక్షరం ఎటు తిరుగుద్దో చూసుకుని.

మార్కాపురం ఇంకా ఐదు మైళ్లుందనంగా
రోడ్డు పక్కన, కొత్త తాటాకు కప్పిన పాత ఊరు.
గేటు మీద 'నాటి పల్లె'.
పిల్లకి ఎనభై, తోడొచ్చినోళ్లకి ఊరికే.
లోపల కుమ్మరాయన సారె తిప్పతా ఉంటే
ఆయన మొలలో ఫోను మోగింది. పిల్లలు చప్పట్లు.
తిరగలి కాడ యశస్విని, "ఆంటీ, దీనికి ఛార్జింగ్ ఎక్కడ?"
నేను నవ్వాను. అప్పటిదాకా బాగానే నవ్వాను.

ఐదో గుడిసె పలకల పని.
గోతం మీద ఒకాయన, ముందర నల్ల రాయి.
అంచున ఉలి ఆనించి రెండు దెబ్బలు, మెత్తగా.
రాయి పుస్తకం తెరిచినట్టు విచ్చుకుంది.
"పూర్వకాలంలో," అంది మైకు పట్టుకున్న పిల్ల,
"ఇక్కడి జనం ఇలా పలకలు చేసేవాళ్లు."

పూర్వకాలం.
ఆ పూర్వకాలంలో నాకు తొమ్మిదేళ్లు.
నూరు పలకలకి చట్రం బిగిస్తే రెండు రూపాయలు,
పగిలినదానికి కోత.
కంపెనీ రేకుల కింద మధ్యాన్నమే చీకటి పడేది దుమ్ముకి,
సద్దికూడు మీద కూడా బూడిద రంగు పొర.
నేను బిగించిన పలకలు ఏ ఊళ్ల బడులకి పోయినయ్యో.
నేను అక్షరాలు నేర్చింది మాత్రం పెళ్లయ్యాక,
రాత్రి బడిలో, కాయితం మీద.

ఆయన దగ్గాడు.
ముందు చిన్నగా, తర్వాత వంగిపోయి,
ఉలి కింద పెట్టి, నేల పట్టుకుని.
పిల్లలు ఓపిగ్గా చూశారు, ఇదీ చూపించేదాంట్లో భాగమేనని.
అయిపోయాక జాషువా చెయ్యెత్తాడు:
"తాతా, ఆ దగ్గు మళ్లీ చేస్తారా? వీడు చూళ్లేదు."
మైకు పిల్ల మైకు ఆపేసింది.
ఆయన మూతి తుడుచుకుని నవ్వాడు:
"దానికి టైములు లేవబ్బాయ్. దానిష్టం, అదే వచ్చుద్ది."

తర్వాత పిల్లలకి చట్రాలిచ్చారు, బిగించమని.
ఒక్కరికీ మూల కుదరలా.
నేనెప్పుడు కింద కూచున్నానో నాకే తెలవదు.
నాలుగు పుల్లలు, నాలుగు మూలలు, అరచేత్తో ఒక చరుపు.
పలక లోపలికి జారి కూచుంది.
"భలే! ఎక్కడ నేర్చుకున్నారు మేడం?"
ఆ పిల్ల ఫోటో తీసుకుంది.
గాలెయ్య, చొక్కాకి పేరు గుచ్చారు, చదివాను,
నా బొటనవేలు చూశాడు, గోరు సగమే మొలిచే వేలు.
ఏమీ అడగలా.
ఇంకో పలక తీసి నా ముందుకి జరిపాడు.
దాన్నీ బిగించాను. ఆ తర్వాతదాన్నీ.

బస్సులో లెక్కపెడితే పదకొండు.
మళ్లీ పెట్టా. పదకొండు.
చెప్పులు చేతికి తీసుకుని పరిగెత్తాను.
మోక్షజ్ఞ, గాలెయ్య ముందు బాసింపట్టు వేసుకుని,
పలక మీద బలపంతో పేరు రాసి చూపిస్తా ఉన్నాడు.
"ఏం రాశానో చెప్పు తాతా."
"నాకు రాదు నాయనా. అందంగా ఉంది."
అని తడి తువ్వాలుతో ఒక్క తుడుపు తుడిచి,
"సాయంత్రం ఇంకో బడి వచ్చుద్ది," అన్నాడు
నావైపు చూసి, తప్పు చేసినట్టు.

పలక నల్లగా మెరిసింది.
పిల్లాడి చెయ్యి పట్టుకున్నానే గాని కదల్లా.
ఎండకి తడి ఆరతా ఆరతా
మో, తర్వాత క్ష,
చివర నేను ఎప్పుడూ ఆగే ఆ అక్షరం,
పల్చగా, ఎటు తిరగాలో అటే తిరిగి
మళ్లీ పైకి తేలింది.
అవతల డ్రైవరు హారన్ కొడతానే ఉన్నాడు.