రెండో గడి

ఫిబ్రవరి వాన, రాత్రి ఎనిమిది.
లడ్లో అవతల, చెరువు గేటు దగ్గర
పసుపు జాకెట్లలో తొమ్మిదిమందిమి, తలో బకెట్టు.
"ముందు చేతులు తడుపుకోండి."
డెబ్బై ఆరేళ్ళ గ్లెనిస్ మాకు సేనాని.

అడవిలోంచి చెరువుకి
బోదురుకప్పల పెళ్ళిప్రయాణం.
నడుమ మనం పరుచుకున్న రోడ్డు.

టార్చి వెలుగులో ఏది తడి ఆకో, ఏది కప్పో.
ఆకనుకున్నదే కళ్ళు తెరుస్తుంది,
చింతపండుతో తోమిన రాగిచెంబు రంగు.

ముట్టుకుంటే పులిపిర్లొస్తాయని మా మేనత్త బెదిరించేది.
గ్లెనిస్ వాళ్ళ మేనత్తా అదే మాట అనేదట,
వేరే భాషలో.
అరచేతిలో ఒకటి కీచుమంది.
"మగాడు. వదలమంటున్నాడు.
నువ్వు వాడి పెళ్ళానివి కాదుగా!"

వంపులో కారు.
చేతులెత్తాం, టార్చీలూపాం.
ఆగలేదు.
కాసేపు వాన చప్పుడొక్కటే.

లెక్కకాగితం మీద రెండు గడులు:
దాటినవి, దాటనివి.
పెన్సిలు పట్టుకున్న తొమ్మిదేళ్ళ రిస్
రెండో గడి మీద బొటనవేలు పెట్టి
తీయడం లేదు.
తీయమని ఎవరమూ అనలేదు.

నా బకెట్టు అడుగున పద్నాలుగు.
కాదు, ఒకదాని వీపున ఇంకోటి కరుచుకుని ఉంది.
"జంటని ఒకటని రాయాలా, రెండనా?"
రెండనే అన్నాను.
తడి కాగితం మీద పెన్సిలు పడటం లేదు.