ఎముక ఎవరికి

నల్లగా తారు పూసుకుని, గోనెగుడ్డ కట్టుకుని
పోర్ట్ ఆఫ్ స్పెయిన్ రేవులో ఓడ దిగేది పంది తొడ.
పారమిన్ కొండ ఎక్కేసరికి
దాన్ని మోసిన గాడిదకీ వెనక నడిచిన నాకూ
ఒకటే ఆయాసం.

సగం డబ్బు మా అమ్మది, ఇస్మే.
సగం పెద్దమ్మది, క్లోటిల్.
తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.
తాత పోయాక సర్వేయరొచ్చి
ఉల్లికాడల మళ్ల మధ్య తాడు లాగి కట్టాడట.
ఆ తాడు ఎప్పుడో చీకిపోయింది.
మాట మాత్రం అక్కడే ఆగిపోయింది.

అయినా ఏం చేస్తారు,
కిరసనాయిలు డబ్బా మా ఇంట్లో ఉంది,
ఓవెన్ పెద్దమ్మ ఇంట్లో ఉంది,
తొడ ఒక్కటే.

నేను నడిచే ఉత్తరాన్ని. పదకొండేళ్ల ఉత్తరాన్ని.
"మీ అమ్మతో చెప్పు, ఉప్పునీళ్లు రెండుసార్లు పారబొయ్యమని."
"మీ పెద్దమ్మతో చెప్పు, నాకు తెలుసని."
దారిలో నా సొంత మాటలు కొన్ని కలిపేవాణ్ణి,
"కాస్త", "ఏమనుకోకు" లాంటివి.
ఇద్దరిలో ఒక్కరూ నమ్మేవాళ్లు కాదు.

తారు గీకడానికే ఒక పూట పట్టింది.
మూడు రాళ్ల మీద డబ్బా, డబ్బాలో తొడ,
రాత్రంతా కుతకుత.
అమ్మ పీట మీద కునికేది,
పొంగు చప్పుడుకి లేచి ఒక కట్టె వెనక్కి లాగేది,
మళ్లీ కునికేది.
కింది ఇళ్లలో ఎవరో క్వాత్రో తీగలు సవరిస్తున్నారు,
పాట ఇంకా మొదలవలేదు.

తెల్లారి తోలు లాగితే
తడి మేజోడులా ఊడి వచ్చింది.
కింద కొవ్వు, పండక్కి సున్నం కొట్టిన గోడ.
అమ్మ కత్తితో గళ్లు గీసింది,
గడికో లవంగం గుచ్చడం నా పని.
ఆ ఘాటు బొటనవేలిని
కొత్త సంవత్సరం దాకా వదలదు.

ఇక పాకం.
అమ్మకి అనాసరసం, బెల్లం రంగు చక్కెర.
పెద్దమ్మకి ఆవముద్ద, రమ్ము.
అనాస పోస్తే పసిపిల్లల తిండి అని ఆవిడ,
ఆవాలు పూస్తే దగ్గుమందు అని ఈవిడ,
రెండు మాటలూ మోసుకుని
కంచె దాటీ దాటీ నా కాళ్లు పడిపోయాయి.
చివరికి పెద్దమ్మే చెంచా నా చేతికిచ్చి
తొడ నడిమధ్యన గీత గీయమంది.
"నీకు ఎవరి పక్షమూ లేదు గదా."

చెయ్యి వణికింది.
గీత కొంచెం అమ్మ వైపు వంగింది.
ఇద్దరూ చూశారు.

ఓవెన్ తలుపు పడింది.
పెద్దమ్మ లోపల, అమ్మ గడప అవతల,
జల్లు మొదలైనా అవతలే.

గంటకి తలుపు తీస్తే గీత లేదు.
అనాస ఆవాల్లోకి జారింది,
రమ్ము చక్కెర చెయ్యి పట్టుకుని కిందికి దిగింది,
పళ్లెం అడుగున అంతా ఒకటే నల్లటి జిగురు,
బుడగలు వేస్తూ.
ఏ వైపు ఎవరిదో లవంగాలకే తెలియదు.
పెద్దమ్మ ఒక వేలు ముంచి నాకింది.
తడిసిన కొంగుతో లోపలికొచ్చి
అమ్మ ఇంకో వేలు ముంచింది.
ఏ మొహంలోనూ ఏమీ రాయలేదు.
నేను ఖాళీ ఉత్తరంలా నిలబడ్డాను.

గోగుపూల షర్బత్, పచ్చికందుల కూర, వేడి బ్రెడ్డు.
తొమ్మిదిమంది పిల్లలం, నలుగురు పాటగాళ్లు,
ఇంతలోనే ఎముక తేలింది.

దాని మీద పెద్దమ్మ చెయ్యి పడింది,
అమ్మ చెయ్యీ పడింది.
"నాది. పప్పులోకి," అంది అమ్మ, ఎముకతో.
"పోయినేడు నువ్వే తీసుకున్నావు," అంది పెద్దమ్మ, ఎముకతో.
అలవాటు కొద్దీ నేను అమ్మ వైపు తిరిగి
"పోయినేడు నువ్వే..." అనబోయాను.
"నాకు వినపడిందిరా," అంది అమ్మ.

ఆ రాత్రి చాలాసేపు పోట్లాడుకున్నారు.
ముందు ఎముక, తర్వాత తాడు, తర్వాత తాత,
చిన్నప్పుడు విరిగిన దువ్వెన ఒకటి.
ఎముక చల్లారింది, కుక్క చూస్తూ కూర్చుంది.
నన్నెవరూ పిలవలేదు.
బల్ల కింద, లవంగం వాసన వేలు ముక్కు దగ్గర పెట్టుకుని
నిద్రపోయాను.